కడతారంట

చొక్కాల ఫ్యాక్టరీ మేనేజరు ఇచ్చిన కాగితంలో పది ఇంగ్లీషు వాక్యాలున్నాయి. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని, అలవాటు కొద్దీ జేబులోంచి ఎర్రకలం తీసి దిద్దడం మొదలుపెట్టారు. దిద్దమని ఎవరూ అడగలేదు. ఆ పది వాక్యాలూ పన్నెండుమంది కుట్టుపనివాళ్ళకు మూడు రోజుల్లో నోటికొచ్చేలా చెయ్యాలి, అంతే ఆయన పని. గురువారం నాడు చొక్కాలు కొనే విదేశీ కంపెనీ తరఫున ఒకావిడ తనిఖీకి వస్తుంది. కొందరిని విడిగా పిలిచి మాట్లాడుతుంది. అప్పుడు ఎవరూ తడబడకూడదు.

ఆరో వాక్యం దగ్గర కలం ఆగింది. ‘ది కంపెనీ విల్ బిల్డ్ ఎ సెకండ్ స్టెయిర్‌కేస్.’ కంపెనీ రెండో మెట్లదారి కడుతుంది.

“ఇది తప్పు కాదు గానీ, బలహీనమండీ,” అన్నారు మాస్టారు.

ఫోనులో ఏదో చూసుకుంటున్న మేనేజరు తలెత్తాడు. “బలహీనమంటే?”

“‘విల్’ అంటే అప్పటికప్పుడు అనుకున్నది. ఫోను మోగితే ‘ఉండు, నేను తీస్తా’ అంటామే, అలాంటిది. లేదా వట్టి మాటివ్వడం. ముందే అనుకుని పెట్టుకున్న పనైతే ‘గోయింగ్ టు’ వాడాలి. తేదీ ఖాయమై, మేస్త్రీని మాట్లాడి, ఇటుకలు దింపించుకుని అంతా సిద్ధంగా ఉంటే కంటిన్యువస్. ‘ఈజ్ బిల్డింగ్.’ ఇక రైలు వేళల్లా ఎవరూ కదిలించలేనిదైతే మామూలు ప్రెజెంటే చాలు.”

చెబుతుంటే మాస్టారి వెన్ను తనకు తెలియకుండానే నిటారైంది. ట్యుటోరియల్‌లో బెంచీలు ఒక్కొక్కటే ఖాళీ అవుతూ వచ్చాక, ఇంత శ్రద్ధగా ఆయన మాట విన్న మనిషి లేడు.

“వీటిల్లో ఏది గట్టిదంటారు?”

“కంటిన్యువస్సే. పక్కన తేదీ కూడా పెడితే రాతి మీద గీత.”

“అయితే అదే పెట్టండి మాస్టారూ. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి.”

“అంటే ఏర్పాట్లు జరిగాయన్నమాట.”

“జరుగుతాయండీ,” అన్నాడు మేనేజరు, మళ్ళీ ఫోను చూసుకుంటూ.

మాస్టారు ‘విల్ బిల్డ్’ కొట్టేసి, పైన చిన్న అక్షరాలతో దిద్దారు. కంపెనీ వచ్చే నెల ఒకటో తారీకున రెండో మెట్లదారి పని మొదలుపెడుతోంది. చదువుకుంటే వాక్యం నిజంగానే బాగా కుదిరింది.

పాఠం భోజనాల గదిలో. గోడకు ఒక తెల్లబోర్డు ఆనించి పెట్టారు. పన్నెండుమందీ షిఫ్టు దిగి నేరుగా వచ్చి కూర్చున్నారు. జుట్టు మీద, కనురెప్పల మీద కూడా దూది నూగు అంటుకునే ఉంది. కొందరి వేళ్ళు ఖాళీ బల్ల మీద కూడా గుడ్డను ముందుకు తోస్తున్నట్టే కదులుతున్నాయి. అందరిలో ముందు కూర్చున్నామెకు నలభై ఏళ్ళుంటాయి. మెళ్ళో కొలతల టేపు వేలాడుతోంది. ఆమెను అందరూ కాలరక్క అంటారు. పధ్నాలుగేళ్ళుగా చొక్కాలకు కాలర్లే కుడుతోంది.

మాస్టారు కాగితం పక్కన పెట్టి, ముందు పాఠం చెప్పారు. అర్థం తెలియకుండా అప్పజెప్పించడం ఆయన వల్ల కాదు.

“మన భాషలో ‘రేపు కుడతాను’ అంటాం, ‘రోజూ కుడతాను’ అంటాం. రెండింటికీ ఒకే మాట. ఇంగ్లీషులో అలా కుదరదు.”

“మనం ఇంకా ఘోరం సార్,” అందొక అమ్మాయి. “వెళ్ళిపోతూ ‘వస్తా’ అంటాం.”

అందరూ నవ్వారు. మాస్టారూ నవ్వి, బోర్డు మీద నాలుగు గడులు గీశారు. వాళ్ళ పనిలోంచే ఉదాహరణలు చెప్పారు. సూది విరిగితే ‘నేను మారుస్తా’ అని లేవడం ‘విల్’. దారం తెగేలా బిగుసుకుపోయి కనిపిస్తుంటే ‘ఇది తెగబోతోంది’ అనడం ‘గోయింగ్ టు’. శనివారం పెళ్ళికి సెలవు చీటీ రాసిచ్చి, బస్సు టిక్కెట్టు కూడా తీసుకుంటే, అది కంటిన్యువస్. పొద్దున్నే మోగే గంట మామూలు ప్రెజెంట్.

“అసలు విషయం చెప్పనా?” అన్నారు ఉత్సాహంగా. “ఇంగ్లీషులో భవిష్యత్తుకంటూ విడిగా ఒక క్రియారూపమే లేదు. ఇవన్నీ పక్కింటి నుంచి అరువు తెచ్చుకున్నవే.”

“మాకూ లేదు సార్,” అంది వెనక బల్ల నుంచి ఎవరో. “భవిష్యత్తు.”

ఈసారి నవ్వు తక్కువగా వచ్చింది.

కాలరక్క బోర్డు మీది గడులు చూస్తూనే ఉంది. పెదవులు కదుపుతూ ఒక్కొక్క గడీ చదువుకుంది. తర్వాత చెయ్యెత్తింది.

“ఒకటడగనా సార్? ఈ నాలుగింట్లో ఏది చెబితే కట్టక తప్పదు?”

“అంటే?”

“మేం చెబుతాం, ఆవిడ రాసుకుంటుంది. ఏ మాట రాసుకుంటే వీళ్ళు మెట్లు కట్టి తీరాలి?”

మాస్టారు బోర్డు వైపు తిరిగారు. సమాధానం బోర్డు మీద ఉన్నట్టు కాసేపు చూసి, “అది వ్యాకరణం కాదమ్మా,” అన్నారు.

మర్నాడు ఆయన ఒక గంట ముందే వచ్చారు. యంత్రాల పేర్లు, పనుల పేర్లు తెలిస్తే ఉదాహరణలకు పనికొస్తాయని మూడో అంతస్తులో లైను చూపించమన్నారు. మెట్లు ఇరుకుగా ఉన్నాయి. ఎదురుగా గుడ్డలమూట మోసుకుంటూ ఒకతను దిగుతుంటే, మాస్టారు గోడకు అతుక్కుని నిలబడాల్సి వచ్చింది.

కాలరక్క మిషను కిటికీకి దూరంగా, లైను చివర ఉంది. రెండు గుడ్డముక్కలు ఒకదాని మీదొకటి పెట్టి మూడు వైపులా కుట్టు తోలింది. కత్తెరతో మూలలు కత్తిరించింది. కాలరును లోపలి నుంచి బయటికి తిరగేసి, మొనదేలిన వెదురుపుల్లతో మూలను పొడిచింది. మూల సూదిలా నిలబడింది. రెండో మూల పొడిచేటప్పుడు మాత్రం చెయ్యి నెమ్మదించింది.

“గట్టిగా పొడిస్తే చిరుగుద్ది సార్. మెల్లగా పొడిస్తే మూల మొద్దుగా ఉంటది. ఆ రెండిటికీ మధ్యన ఒక్క పట్టే కుదురుద్ది.”

ఆమె వెనకే గోడలో ఇనుప తలుపు ఉంది. దాని ముందు నడుం ఎత్తున గుడ్డ బేళ్ళు పేర్చి ఉన్నాయి. తాళం తుప్పు పట్టింది.

“ఇదే కదా ఆ రెండో దారి? బేళ్ళు తీసేసి తాళం తీస్తే సరిపోదా?”

కాలరక్క పుల్ల పక్కన పెట్టి లేచింది. ఒక బేలును మోకాలితో పక్కకు జరిపి, తలుపు సందు చూపించింది. మాస్టారు వంగి కన్ను ఆనించారు. అవతల మెట్లు లేవు. ఎండ, ఎదుటి మేడ గోడ, చాలా కింద ఎక్కడో సైకిళ్ళు నిలిపే రేకుల కప్పు కనిపించాయి.

“తలుపు పెట్టారు సార్. మెట్లు పెట్టలేదు,” అంది మళ్ళీ కూర్చుంటూ. “మూడు నెలల కింద ఇస్త్రీ బల్ల దగ్గర వైరు కాలింది. మంట లేదు, పొగే. మూడొందల మందీ ఆ ఒక్క మెట్లదారి మీదే పడ్డారు. మా చెల్లి గుండీల దగ్గర చేసేది. కింద పడింది. తొక్కుకుంటూ పోయారు. ఎవర్నని అంటాం? నేను కూడా ఎవర్ని తొక్కానో నాకు తెలీదు.”

“ఇప్పుడెలా ఉంది?”

“తుంటి ఎముక అతికింది. నడుస్తది, ఒక పక్కకి ఒరుగుతూ. సోమవారానికి పనిలోకి రాకపోతే పేరు కొట్టేస్తామన్నారు. అదేమో మెట్లు గుర్తొస్తేనే వణికిపోతది. ఆ పొగలోనే ఉంది ఇంకా.” ఇంకో కాలరు తిరగేసింది. “ముందటేడు తనిఖీకి ‘కట్టాలనుకుంటున్నారు’ అని చెప్పమన్నారు. నిరుడు ‘కడతారు’ అని చెప్పమన్నారు. ఈ ఏడు ‘మొదలుపెడుతున్నారు’, తేదీతో సహా. మాటలైతే మెట్లెక్కుతున్నాయి సార్.”

“మరి ఆ తనిఖీవాళ్ళు నిరుటి కాగితం చూడరా?”

“ఏటా కొత్తవాళ్ళే వస్తారు.”

మాస్టారు ఏ పదమూ రాసుకోకుండానే కిందికి దిగారు.

ఆ సాయంత్రం పన్నెండుమందీ ఒక్కొక్కరే వచ్చి అప్పజెప్పారు. మంచినీళ్ళ గురించి, మరుగుదొడ్ల గురించి, సెలవుల గురించి. ఆరో వాక్యం కాలరక్కది. మేనేజరే అలా రాసిచ్చాడు. దెబ్బ తగిలిన మనిషి అక్క చెబితే నమ్మకంగా ఉంటుందట. మిగతా అన్నీ నీళ్ళు తాగినట్టు చెప్పిన మనిషి, అక్కడికొచ్చేసరికి ఆగిపోయింది.

“నోరు తిరగట్లేదు సార్.”

“‘స్టెయిర్‌కేస్’ దగ్గరా?”

“కాదు. అంతకు ముందే.”

బుధవారం మధ్యాహ్నం మాస్టారు మేనేజరు గదికి వెళ్ళారు. కూర్చోకుండానే చెప్పారు. “ఆరో వాక్యంలో మళ్ళీ ‘విల్’ పెడదామండీ. ఉన్నదానికి అదే సరిపోతుంది.”

“మీరే కదా బలహీనమన్నారు?”

“వ్యాకరణం ప్రకారం అన్నాను. తేదీ అదీ నిజంగా ఖాయమైందనుకుని...”

మేనేజరు సొరుగులోంచి ఆ కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. ఎర్ర సిరా మాస్టారిదే. గుండ్రటి చేతిరాత. “ఇదే పై ఆఫీసుకు పంపాను మాస్టారూ. మీ ఇంగ్లీషు చూసి చాలా మెచ్చుకున్నారు. మన మూడు యూనిట్లలోనూ ఏడాది పాటు క్లాసులు పెట్టించమన్నారు. సోమవారం నుంచే. గురువారం కాస్త గట్టెక్కనివ్వండి, దుబాసీగా కూడా మిమ్మల్నే కూర్చోబెడుతున్నాం.” లేచి కుర్చీ చూపించాడు. “టీ తాగుతారా?”

మాస్టారు కూర్చున్నారు. టీ తాగారు.

ఇంట్లో చెబితే ఆయన భార్య చేస్తున్న పని ఆపి, తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. “ఏడాదే? మూడు చోట్లా?” అని రెండుసార్లు అడిగింది. ట్యుటోరియల్ గది ఖాళీ చెయ్యమని ఇంటి యజమాని చెప్పి అప్పటికి పది రోజులైంది. ఆయన మొహంలో సంతోషం కనపడక, పక్కన కూర్చుంది. మాస్టారు తలుపు గురించి, మెట్ల గురించి చెప్పారు. ఆమె అంతా వింది.

“మీరు మెట్లు కట్టే మేస్త్రీనా? మాటలు నేర్పే మాస్టారు,” అంది చివరికి. “ఆ కాగితం మీరు రాయకపోతే ఇంకొకరు రాస్తారు. తప్పులతో రాస్తారు, అంతే తేడా.”

ఆ మాట తనకోసమే అందని ఆయనకు తెలుసు. ఆ రాత్రి అన్నం సగంలోనే చెయ్యి కడుక్కున్నారు.

గురువారం తనిఖీ ఆవిడ చెప్పిన వేళకే వచ్చింది. నెరిసిన పొట్టి జుట్టు, మెత్తటి గొంతు. మూడో అంతస్తు వరకూ రొప్పుతూ ఎక్కి, బేళ్ళు తీసేసిన ఇనుప తలుపు చూసింది. తాళం మీద కొత్త రంగు ఇంకా వాసన వేస్తోంది. దానికి ‘పని జరుగుచున్నది’ అన్న బోర్డు వేలాడుతోంది. ఆవిడ ఫొటో తీసుకుంది. పనివాళ్ళతో మాట్లాడేటప్పుడు మేనేజరు గదిలో ఉండకూడదని నియమమట. అతను నవ్వుతూ తనే తలుపు మూసి బయటికెళ్ళాడు. తలుపుకున్న గరుకు అద్దం వెనక అతని చొక్కా తెలుపు మాత్రం కదలకుండా నిలబడింది.

లోపల ముగ్గురే. తనిఖీ ఆవిడ, మాస్టారు, కాలరక్క. అప్పటికి ఆరుగురు వచ్చి వెళ్ళారు. అందరూ ఇంగ్లీషులోనే చెప్పారు. ఆవిడ ప్రతివాళ్ళనూ మెచ్చుకుంది. కాలరక్క కూడా నీళ్ళ గురించి ఇంగ్లీషులోనే చెప్పింది. పనిగంటల గురించి చెప్పింది. అప్పుడు ఆవిడ కాగితాలు తిరగేసి, మొన్న పొగ వచ్చిన రోజు దెబ్బ తగిలింది మీ చెల్లికేనా అని అడిగింది. అవునంది కాలరక్క. ఆవిడ కళ్ళల్లో నిజంగానే నొచ్చుకున్న భావం కనిపించింది. కాస్త ముందుకు వంగింది.

“రెండో మెట్లదారి సంగతేమిటో అడగండి,” అంది మాస్టారితో. “ఆవిడ తన భాషలోనే చెప్పొచ్చు. తొందరేం లేదు.”

మాస్టారు అడిగారు. కాలరక్క రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. కుడి బొటనవేలి గోరు కింద నీలం దారపు పోగు ఇరుక్కుని ఉంది.

“కడతారంట,” అంది.

ఆమె ఆయన్నే చూస్తోంది. మాస్టారికి ఆ చివరి ‘అంట’ తప్ప ఇంకేమీ వినపడలేదు. అందులో అంతా ఉంది. వాళ్ళు అన్నారు, నేను నమ్మలేదు, మీరూ నమ్మకండి. ఇంగ్లీషులో అలాంటి తోక లేదు. కానీ మూడు మాటల్లో చెప్పొచ్చు. ‘సో దే సే.’ పదో తరగతి పిల్లాడు కూడా చెప్పగలడు. ఆ మూడు మాటలూ నాలుక మీదికి వచ్చాయి. అద్దం వెనక తెలుపు ఒక అంగుళం దగ్గరికి జరిగింది.

“దే ఆర్ స్టార్టింగ్ ద సెకండ్ స్టెయిర్‌కేస్,” అన్నారు మాస్టారు, “ఆన్ ద ఫస్ట్ ఆఫ్ నెక్స్ట్ మంత్.”

ఉచ్చారణ స్పష్టంగా ఉంది. ఆవిడ రాసుకోవడం మొదలుపెట్టింది.

“నో సర్,” అంది కాలరక్క.

కలం ఆగింది.

“నాట్ ‘ఆర్ స్టార్టింగ్’, సర్. ‘విల్’.” ఒక్కొక్క మాటనూ కాలరు మూలలా పొడిచి నిలబెడుతూ అంది. “దే సే ‘విల్’. లాస్ట్ ఇయర్ ‘విల్’. ఓన్లీ ‘విల్’.”

తనిఖీ ఆవిడ ఒకరి మొహం నుంచి ఒకరి మొహానికి చూసింది. తర్వాత ఆవిడ మొహం విచ్చుకుంది.

“ఎంత బాగా నేర్చుకుంటోంది! గురువుగారినే దిద్దుతోంది,” అంది ముచ్చటగా. “పరవాలేదమ్మా, రెండూ సరైనవే. మేమూ రెండూ వాడతాం.” ఇంకా ఎక్కడో చిన్న అనుమానం మిగిలిందేమో, మాస్టారి వైపు తిరిగింది. “తేడా ఏమైనా ఉందా? ఆవిడ ఉద్దేశంలో?”

ముప్ఫై ఏళ్ళుగా ఆయన బోర్డుల మీద గీసిన తేడా అదే. పరీక్షల్లో దానికి మార్కులు తీసేశారు. దాని గురించి తోటి మాస్టర్లతో పోట్లాడారు. ఎవరూ ఇంతవరకూ ఆయన్ని ఇంత అవసరంగా అడగలేదు.

“నో మేడమ్,” అన్నారు మాస్టారు. “నో డిఫరెన్స్.”

ఆవిడ తలూపి, ఒక గడిలో టిక్కు పెట్టింది.

కాలరక్క లేచింది. కుర్చీని చప్పుడు కాకుండా ఎత్తి, మళ్ళీ బల్ల కిందికి తోసింది. “థాంక్యూ మేడమ్,” అని ఆవిడకు చెప్పింది. మాస్టారికి ఏమీ చెప్పలేదు. తలుపు తీస్తే మేనేజరు పక్కకు తప్పుకుని దారిచ్చాడు.

సోమవారం మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, కొత్త గుర్తింపు కార్డు మెళ్ళో వేసుకుని వచ్చారు. పొద్దుటి షిఫ్టువాళ్ళకే మొదటి పాఠం, మూడో అంతస్తు చివర గదిలో. గంటకు ఇంకా అయిదు నిమిషాలుంది. కానీ మెట్ల మీద జనం కదలడం లేదు. ముందు ఎవరో మెల్లగా ఎక్కుతున్నారు. వెనక నుంచి ఎవరూ అరవడం లేదు, తోసుకోవడం లేదు. అది ఆయనకు వింతగా అనిపించింది. సందు దొరికినచోటల్లా జరుగుతూ రెండో మలుపు దగ్గరికి చేరాక కనిపించింది. కాలరక్క. ఆమె మోచెయ్యి పట్టుకుని, ఆమె కంటే పదేళ్ళు చిన్నదొకతె, ఒక్కొక్క మెట్టు మీదా రెండు కాళ్ళూ పెట్టి నిలదొక్కుకుని, అప్పుడు పై మెట్టు వైపు చూస్తోంది. రెండో చెయ్యి కమ్మీని ఎంత గట్టిగా పట్టుకుందంటే కణుపులు తెల్లబడ్డాయి.

మాస్టారు ఆగిపోయారు. వెనక్కి పోదామంటే వెనకంతా జనం.

“అక్కా, కాసేపాగు,” అంది చెల్లెలు. నుదుటి మీద చెమట. తల తిప్పి, మెళ్ళో కార్డు చూసింది. “ఈయనేనా ఇంగ్లీషు సారు?”

కాలరక్క తలూపింది.

“నమస్తే సార్. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి వెనక మెట్లు మొదలుపెడుతున్నారంట కదా. తనిఖీ ఆవిడ మీ ముందరే రాసుకుందంట. అక్క చెప్పింది. అందుకే బయల్దేరా. లేకపోతే నేనీ గడప తొక్కే దాన్నే కాదు.” ఊపిరి అందక ఆగింది. “నిజమేనా సార్?”

మాస్టారు కాలరక్క వైపు చూశారు. ఆమె మొహంలో కోపం లేదు. కోపం ఉంటే ఆయన కళ్ళు దించుకుని తప్పించుకునేవారు. చెల్లెలి మోచేతి కింద తన చెయ్యి ఇంకాస్త బిగించింది. పైన గంట మోగబోతోంది. మోగేలోపు హాజరు కార్డు గుద్దకపోతే చెల్లెలి పేరు పోతుంది.

“చెప్పండి సార్,” అంది కాలరక్క. “నేను చెబితే సగమే నమ్మింది. మీరు చెబితే నమ్ముద్ది.”

“కడుతున్నారమ్మా,” అన్నారు మాస్టారు.

“తేదీ కూడా చెప్పండి.”

“ఒకటో తారీకు నుంచి.”

చెల్లెలు తేలిగ్గా ఊపిరి వదిలింది. కమ్మీ మీద వేళ్ళు కొంచెం సడలాయి. కాలెత్తి పై మెట్టు మీద పెట్టింది. మాస్టారి వెనకున్న జనమంతా ఒక మెట్టు పైకి జరిగారు.